తీర్పు దొరకని ఓడ దోపిడీ

1695లో సూరత్ యాత్రికుల ఓడపై జరిగిన ఘాతుకం నాటకమైంది, గ్రంథమైంది, చివరకు టెలివిజన్ ధారావాహికలో ఒక భాగమైంది. నేరస్థుడు నాయకుడైనాడు. బాధితులు మాత్రం ఇంతవరకూ తెర మీదికి రాలేదు.

అపరాధ పరిశోధన ధారావాహికలకు అలిఖితమైన నియమం ఒకటి ఉన్నది. మొదటి కొద్ది నిమిషాలలో నేరం జరుగుతుంది. మధ్యలో అనుమానం ఒకరి మీదినుంచి మరొకరి మీదికి మారుతుంది. ముగింపులో దోషి చేతులకు సంకెళ్ళు పడతాయి. 1985లో దూరదర్శన్‌లో పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ నేరస్థులను పట్టుకున్న ‘కరంచంద్’ నుంచి, 1998లో మొదలై ఇరవై ఏళ్ళపాటు ఎడతెగక సాగిన ‘సీఐడీ’ వరకు ఈ నియమాన్ని అతిక్రమించిన ధారావాహికలు బహు తక్కువ. సత్యం ఎంత లోతున దాగినా ఒక గంటలోగా పైకి తేలుతుందన్న భరోసాతోనే ప్రేక్షకుడు తెర ముందు కూర్చుంటాడు.

సూరత్ నగరపు చరిత్రలో ఈ నియమానికి ఏమాత్రమూ లొంగని నేరం ఒకటి ఉన్నది. అందులో నేరస్థుని పేరు మొదటినుంచీ అందరికీ తెలుసు. సాక్షులు వందలమంది. రెండు సామ్రాజ్యాలు అతని కోసం గాలించాయి. అయినా అతడు దొరకలేదు. దొరికిన అతని అనుచరులను సైతం న్యాయస్థానం ఆ నేరం విషయంలో నిర్దోషులన్నది. అంతకన్న వింత ఏమంటే, కొన్ని ఏళ్ళు గడిచేసరికి ఆ నేరస్థుడే రంగస్థలం మీద కథానాయకుడై నిలిచాడు.

మక్కా ద్వారం

పదిహేడవ శతాబ్దంలో తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలు సామ్రాజ్యానికి ప్రధాన రేవు. మన మచిలీపట్నం గోల్కొండ సుల్తానులకు ఎట్లాంటిదో, సూరత్ మొగలు పాదుషాలకు అంతకు ఎన్నో రెట్లు ముఖ్యమైనది. పట్టు, నూలు బట్టలు, నీలిమందు, సుగంధ ద్రవ్యాలు ఇక్కడినుంచి ఎర్రసముద్రపు రేవులకు వెళ్ళేవి. తిరుగు ప్రయాణంలో ఓడలు బంగారం, వెండి నాణేలతో వచ్చేవి. హజ్ యాత్రికులు కూడా ఇదే రేవునుంచి ఓడ ఎక్కేవారు. అందుకే దీనికి ‘మక్కా ద్వారం’ అనే పేరు స్థిరపడింది. యాత్రికుల బస కోసం షాజహాను కాలంలో, 1644లో కట్టిన సత్రం ‘మొగల్ సరాయి’ నేటికీ నిలిచి ఉన్నది. సూరత్ నగరపాలక సంస్థ కార్యాలయం అందులోనే నడుస్తున్నది.

రేవులో ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీకి కూడా ఒక వర్తకస్థావరం, నాటి మాటలో కోఠీ, ఉండేది. పాదుషా ఇచ్చిన ఫర్మానాయే వారికి ఆధారం. ఆ అనుగ్రహం తప్పితే సూరత్‌లో వారికి నిలువనీడ లేదు.

రేవులోని ఓడలన్నిటిలోకీ పెద్దది ‘గంజ్-ఇ-సవాయి’. అది ఔరంగజేబు పాదుషా సొంత ఓడ. ఏటేటా యాత్రికులను, సరుకులను తీసుకొని ఎర్రసముద్రానికి పోయి వస్తుండేది. చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసిన దాని ప్రకారం 1695లో తిరిగి వస్తున్నప్పుడు ఆ ఓడలో ఎనభై ఫిరంగులు, నాలుగు వందల తుపాకులు ఉన్నాయి. మోఖా, జిద్దా రేవులలో సరుకులు అమ్మగా వచ్చిన యాభై రెండు లక్షల రూపాయల వెండి బంగారాలు ఉన్నాయి. యాత్ర ముగించుకొని ఇళ్ళకు మరలుతున్న స్త్రీ పురుషులు వందలమంది ఉన్నారు.

వేటగాడు

హెన్రీ ఎవ్రీ ఇంగ్లండు దేశపు నావికుడు. ఇతని పేరును ఏవరీ అని కూడా వ్రాస్తారు. 1694లో ‘రెండవ చార్లెస్’ అనే ఇంగ్లీషు ఓడ స్పెయిన్ దేశపు కొరున్నా రేవులో నెలల తరబడి కదలక నిలిచి ఉన్నది. ఎవ్రీ అందులో కప్తానుకు సహాయకుడు. నావికులకు జీతాలు అందలేదు. ఆ అసంతృప్తిని ఎవ్రీ అవకాశంగా మలచుకున్నాడు. మే నెలలో ఒక రాత్రి తిరుగుబాటు చేసి, ఓడను వశపరచుకొని, దానికి ‘ఫాన్సీ’ అని కొత్త పేరు పెట్టి హిందూ మహాసముద్రం వైపు తిప్పాడు.

మడగాస్కర్ సమీపంలోని కొమొరో దీవులలో అతడు ఒక లేఖ వ్రాసి పెట్టాడు. ఆ దారిన వచ్చే ఇంగ్లీషు ఓడల అధిపతులను ఉద్దేశించిన లేఖ అది. తాను ఇంగ్లీషువారికి గాని డచ్చివారికి గాని హాని చేయలేదనీ, చేయదలచుకోలేదనీ అందులో తెలియజేశాడు. ఎవరిని దోచుకోడో చెప్పాడు గనుక ఎవరిని దోచుకోబోతున్నాడో వేరే చెప్పనక్కరలేదు.

1695 వేసవిలో అతడు ఎర్రసముద్రపు ముఖద్వారం వద్ద కాపు వేశాడు. అమెరికా వలసలనుంచి వచ్చిన మరికొన్ని దొంగ ఓడలు అతనితో చేరాయి. సూరత్‌కు మరలే ఓడల బారు ఒక రాత్రి చీకటిలో వారి కన్నుగప్పి దాటిపోయింది. దొంగలు వెంబడించారు. మొదట చిక్కినది సూరత్ వర్తకులలోకెల్ల సంపన్నుడైన అబ్దుల్ గఫూర్ ఓడ ‘ఫతే మహమ్మదీ’. దానితో జరిగిన పోరాటంలో థామస్ ట్యూ అనే పేరుమోసిన ఓడదొంగ ప్రాణం పోగొట్టుకున్నాడు. అయినా ఆ ఓడ ఎవ్రీ చేతికి చిక్కింది. తరువాత కొద్ది రోజులకే, ఆనాటి ఇంగ్లీషు పంచాంగం ప్రకారం సెప్టెంబరు 7న, సూరత్ ఇంకా కొద్ది రోజుల ప్రయాణ దూరంలో ఉండగా, గంజ్-ఇ-సవాయి కంటబడింది.

సముద్రం మీద ఏం జరిగింది?

బలాబలాలు చూస్తే గెలుపు పాదుషా ఓడదే కావలసింది. ఫాన్సీలో నలభై ఆరు ఫిరంగులే ఉన్నాయి. కాని పోరు మొదలవుతూనే గంజ్-ఇ-సవాయి ఫిరంగి ఒకటి పేలిపోయి సొంత మనుషులే చనిపోయారు. శత్రువు వేసిన గుండు తెరచాప స్తంభానికి తగిలింది. ఆ గందరగోళంలో దొంగలు కత్తులు దూసి ఓడ మీదికి ఎక్కారు.

ఓడ అధిపతి ఇబ్రహీంఖాన్ ప్రవర్తనను ఖాఫీఖాన్ క్షమించలేదు. ఓడలో ఆయుధాలకు కొదువ లేదనీ, అధిపతి నిలిచి పోరాడి ఉంటే దొంగలు తప్పక ఓడిపోయేవారనీ ఆయన అభిప్రాయం. ఇబ్రహీంఖాన్ మాత్రం అడుగు గదులలోకి పరుగెత్తి, తాను మోఖాలో కొనుక్కొని తెచ్చుకున్న బానిస యువతుల తలలకు పాగాలు చుట్టి, చేతులకు కత్తులిచ్చి పోరాడమని పైకి పంపాడట.

తరువాతి దినాలలో జరిగినది ఏ కథకుడూ ఉత్సాహంతో చెప్పగలిగినది కాదు. దొంగలు ఓడను తీరిగ్గా దోచారు. సొమ్ము ఎక్కడ దాచారో చెప్పమని ప్రయాణికులను చిత్రహింసలు పెట్టారు. స్త్రీలను చెరిచారు. మానం కాపాడుకోవడానికి కొందరు సముద్రంలో దూకారు, కొందరు కత్తులతో పొడుచుకున్నారు. ఇది ఒక్క మొగలు చరిత్రకారుని మాట కాదు. బొంబాయిలో కంపెనీ గవర్నరుగా ఉన్న సర్ జాన్ గేయర్ ఇంగ్లండుకు వ్రాసిన లేఖలోనూ ఈ క్రూరకృత్యాల ప్రస్తావన ఉన్నది. పాదుషాకు బంధువైన ఒక ఉమరావు భార్య, వృద్ధాప్యంలో మక్కా యాత్ర చేసి వస్తున్న స్త్రీ, అవమానాల పాలైనట్లు తాము విన్నామని ఆ లేఖ తెలుపుతున్నది. తన వారి మీద మచ్చ పడుతుందని తెలిసి కూడా వ్రాసిన లేఖ గనుక దాని సాక్ష్యానికి విలువ ఎక్కువ.

దోపిడీ మొత్తం ఎంత అన్న విషయంలో లెక్కలు కుదరలేదు. కంపెనీవారు మూడు లక్షల ఇరవై అయిదు వేల పౌన్లన్నారు. మొగలు అధికారులు ఆరు లక్షలన్నారు. ఏ లెక్క నిజమైనా, సముద్రపు దొంగతనాల చరిత్రలో ఇంతటి సొమ్ము ఒకేసారి పోయిన సందర్భాలు అరుదు.

నేరం ఒకరిది, శిక్ష ఒకరికి

దోపిడీకి గురైన ఓడలు సూరత్ చేరగానే పట్టణం భగ్గుమన్నది. దొంగలు ఇంగ్లీషువారని ప్రయాణికులు చెప్పారు. ఇంగ్లీషువారు ఊరిలోనే ఉన్నారు. కోపించిన జనం కోఠీ మీదికి వచ్చారు. సూరత్ పాలకుడు ఇతిమాద్‌ఖాన్ కోఠీ చుట్టూ సైనికులను నిలిపాడు. అది ఇంగ్లీషువారికి చెర, రక్షణ కూడా. కోఠీ అధ్యక్షుడు శామ్యూల్ అనస్లీ, అతని సహచరులు నెలల తరబడి బందీలుగా గడిపారు. 1696లో గాని వారికి విముక్తి లభించలేదు.

డెబ్బయ్యారేళ్ళ ఔరంగజేబు ఆనాడు దక్కనులో యుద్ధశిబిరంలో ఉన్నాడు. తన ఓడ దోపిడీ అయిందన్న దుఃఖం కన్న యాత్రికులకు రక్షణ ఇవ్వలేకపోయానన్న అపకీర్తి ఆయనకు ఎక్కువ బాధ కలిగించి ఉండాలి. కంపెనీ కోఠీలు మూతపడ్డాయి. బొంబాయి మీదికి దండెత్తే ప్రయత్నాలు సాగాయి. చివరకు యాత్రికుల ఓడలకు తమ ఓడలను కాపుగా పంపడానికి ఒప్పుకొని కంపెనీ గండం గడిపింది. ఒక దొంగ చేసిన పనికి భారతదేశంలో ఇంగ్లీషువారి వ్యాపారమే అంతరించే స్థితి ఏర్పడింది.

ఈ కథకు తెలుగుదేశపు చరిత్రతో చిన్న ముడి ఒకటి ఉన్నది. ఈ వృత్తాంతాన్ని వ్రాసిన ఖాఫీఖాన్ ఆ రోజులలో సూరత్ ప్రాంతంలోనే సంచరిస్తున్నాడు. రాయగఢ్ ఫౌజుదారుగా ఉన్న అబ్దుల్ రజాక్ లారీ వద్దకు సరుకులు తీసుకొని పోతూ, దారిలో బొంబాయి వెళ్ళి అక్కడి ఇంగ్లీషు అధికారితో స్వయంగా ఈ విషయం మాట్లాడాడు. ఆ రజాక్ లారీ మరెవరో కాదు. 1687లో గోల్కొండ కోట తలుపులు తెరుచుకున్న రాత్రి, తానీషా కోసం ఒంటరిగా పోరాడి ఒళ్ళంతా గాయాలతో పడిపోయిన యోధుడే. గోల్కొండ పతనానంతరం అతడు మొగలుల కొలువులో చేరాడు.

దేశదేశాల వేట

కంపెనీ మొర ఆలకించి 1696 జూలైలో ఇంగ్లండు ప్రభుత్వం ఎవ్రీని పట్టి ఇచ్చినవారికి అయిదు వందల పౌన్ల బహుమానం ప్రకటించింది. కంపెనీ దానిని వెయ్యికి పెంచింది. ఇంగ్లండు అధికారం చెల్లే సముద్రాలన్నిటా ఆ ప్రకటన వెళ్ళింది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన మొట్టమొదటి నేరస్థుని వేట ఇదేనని చరిత్రకారులు తరచూ చెబుతారు.

అప్పటికే ఎవ్రీ అట్లాంటిక్ దాటి బహామా దీవులలోని నసావు రేవుకు చేరాడు. హెన్రీ బ్రిడ్జిమన్ అని మారుపేరు పెట్టుకొని అక్కడి గవర్నరు నికొలాస్ ట్రాట్‌కు కానుకలు సమర్పించి ఆశ్రయం పొందాడు. దొంగల ముఠా అక్కడే విచ్ఛిన్నమైంది. కొందరు అమెరికా వలసలలో కలిసిపోయారు. ఎవ్రీ కొద్దిమందితో చిన్న ఓడలో ఐర్లండు చేరాడు. ఆ తరువాత అతని జాడ లేదు. దారిద్ర్యంతో మరణించాడని కొందరు, మడగాస్కర్‌లో రాజ్యం ఏలుతున్నాడని కొందరు చెప్పుకున్నారు. ఏ కథకూ ఆధారం లేదు.

అనుచరులు మాత్రం కొందరు చిక్కారు. జాన్ డాన్ అనేవాడు ఇంగ్లండులోని రోచెస్టర్ పట్టణంలో ఒక సత్రంలో దిగాడు. వాని చొక్కా విపరీతమైన బరువు ఉండడం పనిమనిషి గమనించింది. విప్పి చూస్తే లోపల వెయ్యికి పైగా బంగారు నాణేలు కుట్టి ఉన్నాయి. నేటి ధారావాహికల రచయితలు సైతం అసూయపడవలసిన ఆధారం ఇది.

న్యాయస్థానంలో

1696 అక్టోబరు 19న లండను ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో ఆరుగురు బోనులో నిలిచారు. గంజ్-ఇ-సవాయిని దోచారన్నది అభియోగం. జాన్ డాన్, ఫిలిప్ మిడిల్టన్ అనే పూర్వ సహచరులు సాక్ష్యమిచ్చారు. దోషులను శిక్షించకపోతే ఇంగ్లండు వర్తకానికి కలిగే నష్టాన్ని న్యాయాధికారులు జూరీకి వివరించారు. ఫలితం తేలిపోయినట్లే అందరూ భావించారు.

జూరీ మాత్రం నిర్దోషులని తీర్పు చెప్పింది.

న్యాయాధిపతులు నివ్వెరపోయారు. ఎక్కడో దూరదేశంలో, అన్యమతస్థుల ఓడను దోచినందుకు సొంత దేశపు నావికులను ఉరితీయడానికి ఆ జూరీ మనసు ఒప్పలేదని చరిత్రకారులలో పలువురు భావిస్తారు. ఒకసారి నిర్దోషి అన్న నేరం మీద మళ్ళీ విచారించడానికి చట్టం అనుమతించదు. అందువల్ల ప్రభుత్వం కొద్ది రోజుల వ్యవధిలో కొత్త జూరీని కూర్చి, మరొక నేరం మోపింది. ‘రెండవ చార్లెస్’ అనే ఇంగ్లీషు ఓడను అపహరించారన్నది ఆ నేరం. ఈసారి జూరీ తడబడలేదు. నవంబరు 25న థేమ్సు నది ఒడ్డున అయిదుగురిని ఉరితీశారు.

ఓడలో చనిపోయినవారికి న్యాయం జరిగిందా? అయిదు ప్రాణాలు ఉరికొయ్యకు వ్రేలాడిన మాట నిజమే. గంజ్-ఇ-సవాయి విషయంలో ఇచ్చిన నిర్దోషి తీర్పు మాత్రం నేటికీ దస్తావేజులలో చెక్కుచెదరకుండా ఉన్నది.

నాటకశాలనుంచి టెలివిజన్‌కు

న్యాయస్థానంలో ముగియని కథను నాటకశాల అందుకున్నది. 1709లో వెలువడిన ఒక చిన్న పుస్తకం ఎవ్రీకి మొగలు రాకుమార్తెతో వివాహం జరిపించి, మడగాస్కర్ సింహాసనం ఎక్కించింది. 1712లో లండనులోని డ్రూరీ లేన్ నాటకశాలలో చార్లెస్ జాన్సన్ రచించిన ‘ది సక్సెస్‌ఫుల్ పైరేట్’ ప్రదర్శితమైంది. జయశీలుడైన ఓడదొంగ అని దాని అర్థం. ఓడదొంగను నాటకానికి నాయకుణ్ణి చేయడమేమిటని జాన్ డెన్నిస్ అనే విమర్శకుడు నాటకాలకు అనుమతులిచ్చే అధికారికి నిరసన లేఖ వ్రాశాడు. వినోదం కోసం నేరాన్ని ఎంతవరకు అలంకరించవచ్చునన్న నేటి వివాదం ఆనాడే ఉన్నదన్నమాట. 1719లో వెలువడిన ‘ది కింగ్ ఆఫ్ పైరేట్స్’ అనే పుస్తకం ఎవ్రీ స్వయంగా వ్రాసిన లేఖల రూపంలో ఉన్నది. డేనియల్ డీఫో దానిని రచించాడని పలువురు తలచారు.

తరువాత రెండున్నర శతాబ్దాలకు టెలివిజన్ వంతు వచ్చింది. బ్రిటిష్ టెలివిజన్‌లో 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ అనే కాల్పనిక ధారావాహికలో, 1966నాటి ‘ది స్మగ్లర్స్’ కథ అంతా కెప్టెన్ ఏవరీ దాచిన నిధి చుట్టూ తిరుగుతుంది. ఆ నాలుగు భాగాల చిత్రాలనూ కాలక్రమంలో చెరిపివేయడం వల్ల నేడు ప్రధానంగా శబ్దమే మిగిలి ఉన్నది. అదే ధారావాహికలో 2011 మే 7న ప్రసారమైన ‘ది కర్స్ ఆఫ్ ది బ్లాక్ స్పాట్’ అనే భాగంలో ఏవరీయే ఒక ముఖ్య పాత్ర. హ్యూ బానెవిల్ అనే ప్రసిద్ధ నటుడు ఆ వేషం ధరించాడు.

ఆ కథ సంగ్రహంగా ఇది. గాలి స్తంభించి ఓడ సముద్రం మధ్య నిలిచిపోతుంది. ఓడలో భారతదేశపు మొగలు పాదుషానుంచి దోచిన నిధి ఉన్నది. చిన్న గాయం తగిలినవారిని సైతం ఒక మాయాకాంత వచ్చి మాయం చేస్తుంటుంది. ఆమె రాకకు మెరిసే వస్తువులే మార్గమని తెలిసి నిధిని సముద్రంలో పారవేస్తారు. ఏవరీ మాత్రం ఆశ చావక ఒక కిరీటాన్ని దాచుకుంటాడు. దానివల్ల అతని చిన్న కొడుకుకే ఆపద వస్తుంది. చివరకు తండ్రీకొడుకులు ఒక అంతరిక్ష నౌకలో నక్షత్రాల వైపు సాగిపోతారు.

కథ చమత్కారంగానే ఉన్నది. ఏవరీ దొంగ అన్న విషయాన్ని దాచలేదు. దురాశకు శిక్ష కూడా చూపించారు. కాని ఆ కిరీటం ఏ ఓడనుంచి వచ్చింది, ఆ ఓడలో ఎవరెవరు ఉన్నారు అన్న ప్రశ్న ఆ కథలో తలెత్తదు. నిధికి ఊరు లేదు, యజమాని ముఖం లేదు. డ్రూరీ లేన్ నాటకకర్త ఓడదొంగకు సింహాసనం ఇస్తే, టెలివిజన్ రచయిత ఆకాశమే ఇచ్చాడు.

దీనికి ఒకరిని నిందించి ప్రయోజనం లేదు. నేరగాథలకు ఒక సహజ బలహీనత ఉన్నది. నేరస్థుడు పథకం వేస్తాడు, సాహసిస్తాడు, పారిపోతాడు. అతని చుట్టూ కథ తనంతట తానే అల్లుకుంటుంది. బాధితుడు చేసేది ఏమీ ఉండదు. అతనికి జరుగుతుంది, అంతే. అందువల్ల కెమెరా కదిలేవాని వెంట పోతుంది. మన ధారావాహికలలోనూ మృతుడు మొదటి దృశ్యంలో పడి ఉండడానికే పనికి వస్తాడు. అతనిది ఏ ఊరు, ఎవరు అతని కోసం ఎదురుచూస్తున్నారు అన్నది చెప్పడానికి వ్యవధి ఉండదు.

సూరత్ కథను మొదటినుంచి మరొక విధంగా చెప్పదలచిన రచయితకు సామగ్రి కొరత లేదు. ఖాఫీఖాన్ పారశీక చరిత్ర ఉన్నది. గేయర్ లేఖ ఉన్నది. జాన్ డాన్ వాఙ్మూలం ఉన్నది. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2014లో ఒక పండ్లతోట నేలలో 1693నాటి యెమెన్ దేశపు వెండి నాణెం బయటపడింది. అది ఎవ్రీ ముఠా తెచ్చిన సొమ్మే కావచ్చునని కొందరు ఊహిస్తున్నారు. యాత్రికులు బస చేసిన మొగల్ సరాయి గోడలు సూరత్‌లో ఇంకా ఉన్నాయి.

అన్నిటినీ మించిన ఆధారం మరొకటి ఉన్నది. ఉరికంబం ఎక్కిన అయిదుగురిలో జాన్ స్పార్క్స్ ఒకడు. చివరి ఘడియలలో అతడు పలికిన మాటల సారాంశం ఆనాటి ముద్రిత వృత్తాంతంలో నమోదైంది. ఓడను అపహరించినందుకన్న, ఆ దీనులైన భారతీయుల పట్ల చూపిన అమానుషత్వానికే తనకు ఈ మరణం తగినదని అతడు ఒప్పుకున్నాడు. జూరీ అనని మాట, నాటకకర్త వ్రాయని మాట, మెడకు ఉచ్చు పడిన దొంగ అన్నాడు. గంజ్-ఇ-సవాయిలో ప్రాణాలు, మానాలు పోగొట్టుకున్నవారికి ఇంగ్లండులో లభించిన తీర్పు అది ఒక్కటే.